విమాన ప్రమాదములు: విచారించువారెవరు?

పావురాలగుట్ట పేరు 2009 సెప్టెంబరునకు ముందు ఆత్మకూరు అటవీశాఖ ఉద్యోగులకును, నల్లమల చెంచులకును తప్ప అన్యులకు తెలిసియుండలేదు. నేడా పేరు వినని తెలుగువాడు లేడు. ఏటేట సెప్టెంబరు 2వ తేదీన నల్లకాల్వ స్మృతివనమున పూలు చల్లుదురు. ఇడుపులపాయలో ప్రార్థనలు జరుపుదురు. కడపలోను కర్నూలులోను సభలు జరుగును, ఉపన్యాసములు సాగును. శ్రీ వై.యస్. రాజశేఖరరెడ్డి గారి రాజకీయములను మేము సమ్మతించితిమా, లేదా యనునది ఇచట ప్రశ్నయే కాదు. ప్రజలెన్నుకొన్న ముఖ్యమంత్రి, వారి ప్రత్యేక కార్యదర్శి, ముఖ్య భద్రతాధికారి, ఇద్దరు చోదకులు, మొత్తము ఐదుగురు ప్రభుత్వమువారి హెలికాప్టరులో బయలుదేరి గమ్యము చేరలేదు. ఆ ఐదుగురికి ప్రభుత్వము బాకీపడినది పూలు కావు. ఇట్టి చావు మరియొకరికి రాకుండ చేయు ఏర్పాటు. ఆ బాకీ తీరినదా యని అడుగుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జరిగినది క్లుప్తముగా జ్ఞాపకము చేయుదుము. ఆనాటి ఉదయము 8 గంటల 38 నిమిషములకు బేగంపేట నుండి బెల్ 430 హెలికాప్టరు చిత్తూరు జిల్లాకు బయలుదేరినది. రచ్చబండ కార్యక్రమమునకు అదియే నాంది. నల్లమలపై కారుమబ్బులు క్రమ్మియున్నవి. 9 గంటల 27 నిమిషముల ప్రాంతమున, కర్నూలునకు తూర్పున సుమారు 74 కిలోమీటర్ల దూరమున, అది కొండకు కొట్టుకొని ముక్కలైనది. పిమ్మట ఒక పగలు, ఒక రాత్రి, ఎనిమిది కోట్ల ప్రజలకు ముఖ్యమంత్రి యైన వ్యక్తి ఎచటనున్నాడో చెప్పగలవాడు లేకపోయెను. సురక్షితముగా దిగినారని ఒక వదంతి, రోడ్డు మార్గమున వచ్చుచున్నారని మరియొక వదంతి. సుఖోయి యుద్ధవిమానములు వచ్చెను. అంతరిక్ష సంస్థవారు ఉపగ్రహచిత్రములు తీసిరి. వేలకొలది పోలీసులు, వారితోపాటు ఆ అడవి ఆనుపానులెరిగిన చెంచులు వానలో వెదకిరి. మరునాటి ఉదయమునకు గాని వాయుసేనవారికి శకలములు కనబడలేదు.

తరువాత విచారణసంఘమేర్పడినది. దాని అధ్యక్షుడు పవన్ హంస్ హెలికాప్టరు సంస్థ అధిపతి. ఆ సంస్థ కేంద్ర పౌరవిమానయాన శాఖ క్రిందిది. ఆ శాఖ క్రిందిదే పౌరవిమానయాన డైరెక్టరేటు. హెలికాప్టరునకు యోగ్యతాపత్రమునిచ్చునది, చోదకునకు లైసెన్సునిచ్చునది, నడపు సంస్థను తనిఖీ చేయునది అదియే. సంఘము చేసిన పని తేలికపనియని మేమనము. యంత్రములోని చమురు ఒత్తిడికి సంబంధించిన హెచ్చరిక వెలుగగా, చోదకులు అత్యవసర సూచనల పుస్తకము త్రిప్పుచు ఆరు నిమిషములకు పైగా దానిలో మునిగిపోయిరనియు, ఇంతలో హెలికాప్టరు మబ్బులలోని అధోముఖమైన బలమైన గాలిలో చిక్కి వేగముగా క్రుంగిపోయెననియు వారు తేల్చిరి. అధ్యక్షుని ప్రామాణికతను శంకించుటకు మాకెట్టి కారణమును లేదు. ఐనను ఒక్క మాట. గ్రామమున కరణము లెక్కలు తప్పినవని రైతులు మొరపెట్టుకొన్నప్పుడు, ఆ లెక్కలను కరణము పినతండ్రిచేత తనిఖీ చేయించినచో, ఆ పినతండ్రి హరిశ్చంద్రుడే కావచ్చును, ఊరిలో నమ్మువాడెవడు? తన వ్యాజ్యమునకు తానే తీర్పరి కారాదనునది మున్సిఫు కోర్టు గుమాస్తా కూడ ఎరిగిన న్యాయము. ఆకాశమున ఎగురు వాహనముల విషయమున మాత్రము ఆ న్యాయము వర్తింపదా?

నమ్మకము లేనిచోట ఏమగునో మనము కన్నులార చూచితిమి. 2010 జనవరిలో, ఎవరో విదేశస్థులు ఎచటనో ప్రకటించిన ఆధారములేని కుట్రకథ నొకదానిని మన టెలివిజన్లవారు సాయంత్రమంతయు చాటిరి. రాత్రి గడచులోపల పెక్కు పట్టణములలో ఒక వ్యాపారసంస్థ దుకాణములపై రాళ్లు పడెను, అద్దములు పగిలెను. రాళ్లు రువ్విన వారిని మేము సమర్థింపము; సంయమనము లేక ఆ కథను చాటినవారిని అంతకంటెను సమర్థింపము. కాని పౌరులు విచారణసంఘపు మాటకంటె ఊరుపేరులేని కథను ఎక్కువ నమ్మిరన్నచో, దోషము పౌరులది మాత్రమేనా? ప్రభుత్వము తన తప్పును తానే విచారించుకొని, తాను కోరిన వేళ, తాను కోరినంత, ఇంగ్లీషు భాషలో ప్రకటించినచో, ఆ ఖాళీని వదంతియే నింపును. నల్లమల అంచులనున్న ఆత్మకూరు, వెలుగోడు రైతులలో ఆ నివేదిక చూచినవారెందరు? మా న్యాయవాదుల సంఘములోనే దానిని ఆమూలాగ్రము చదివినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

2010 మే 22న మంగళూరులో విమానము గుట్టమీది రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మడిసిరి. అప్పటికి గాని ఢిల్లీవారికి మెలకువ రాలేదు. ఎయిర్ మార్షల్ గోఖలే గారి అధ్యక్షతన జరిగిన విచారణ, ప్రమాదములను విచారించుటకు స్వతంత్రసంస్థ కావలెనని సలహా యిచ్చినది. 2012 జూలైలో విమాన ప్రమాద విచారణ బ్యూరో వెలసినది. లైసెన్సులిచ్చు డైరెక్టరేటు నుండి విచారించు సంస్థను వేరుచేయుట ముందడుగే, కాదనము. ఐతే వేరుపడిన సంస్థ ఎచటికి పోయినది? అదే పౌరవిమానయాన మంత్రిత్వశాఖ చూరు క్రిందికే. అన్నదమ్ములు వేరుపడి నడుమ గోడ పెట్టుకొనిరి గాని, ఇంటి యజమాని ఒక్కడే. 1934 నాటి తెల్లదొరల విమానశాసనమును తొలగించి 2024లో మన పార్లమెంటు క్రొత్త శాసనము చేసినది; అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పేరు భారతీయ వాయుయాన్ అధినియమము. పేరు మారినది, మంచిదే. లోపల చూడగా డైరెక్టరేటు, భద్రతాసంస్థ, విచారణ బ్యూరో మూడును కేంద్రప్రభుత్వపు అజమాయిషీ క్రిందనే నిలిచినవి. తొంబది యేండ్ల శాసనమును తిరుగవ్రాయునప్పుడు దొరికిన అవకాశమది. దానిని ఏల విడిచిరని అడిగినవారు పార్లమెంటులో ఎందరు?

ఇందులకొక ఆక్షేపణ వచ్చును. దానిని దాచి తప్పుకొనుట మాకు తగదు. బ్రిటనులో గూడ ప్రమాదవిచారణశాఖ రవాణా మంత్రిత్వశాఖలోనిదే కదా, అచటివారి నివేదికలను లోకమంతయు గౌరవించుట లేదా యని కొందరందురు. నిజమే. కాని బ్రిటనులో విమానయానమును క్రమబద్ధము చేయు అధికారసంస్థ 1972 నుండి మంత్రిత్వశాఖలో భాగము కాదు. అది వేరు కార్పొరేషను. అదియు గాక వారి విచారణాధికారుల స్వాతంత్ర్యమునకు తరతరముల ఆచారము కోటగోడవలె నిలిచియున్నది. మనకట్టి ఆచారము లేదు. కావున శాసనమే గోడ కావలెను. అమెరికావారు ఈ చిక్కును పందొమ్మిదివందల డెబ్బదులలోనే ఎదుర్కొనిరి. వారి రవాణా భద్రతామండలి 1967లో రవాణాశాఖ గొడుగు క్రిందనే పుట్టినది. 1974 శాసనముతో దానిని ఆ శాఖనుండి పూర్తిగా విడదీసిరి. తాను విచారింపవలసినవారితో ముడిపడియున్నంతకాలము విచారణసంస్థ తన పని సరిగా చేయజాలదని వారి కాంగ్రెసు ఒప్పుకొన్నది. మంత్రిత్వశాఖ విధానమే ప్రమాదకారణములలో ఒకటియైనప్పుడు, ఆ మాటను ఆ మంత్రిత్వశాఖ జీతగాడు వ్రాయవలెనని కోరుట వానికి న్యాయము కాదు, మనకును క్షేమము కాదు.

విచారణ యెట్టిదైనను, తేలిన సత్యము కాగితముపైననే నిలిచిపోవుట రెండవ పాపము. మా మనస్సును కలచు విషయమొకటి చెప్పెదము. మంగళూరు విమానములో సహచోదకుడు, దిగవద్దు, మరల పైకి లేపుమని, 'గో అరౌండ్' అని, పైయధికారితో ఒకమారు గాదు, మూడుమార్లు చెప్పినట్లు విచారణలో తేలినది. పైవాడు వినలేదు. పావురాలగుట్టపై కూలిన హెలికాప్టరు ధ్వనిముద్రణలో కడపట వినబడినవి సహచోదకుని నోటి అవే మాటలు. పది సంవత్సరముల పిదప, 2020 ఆగస్టు 7న, కోళిక్కోడులో మరల గుట్టమీది రన్‌వే, మరల అదే సంస్థ విమానము; చక్రములు నేలను తాకిన పిదప సహచోదకుడు మరల అదే మాట పలికెను. 21 మంది మరణించిరి. హెలికాప్టరు సంగతి వేరు, విమానముల సంగతి వేరు, కారణములును వేరని మేమెరుగుదుము. మబ్బులో కూలుచున్న హెలికాప్టరులో ఆ మాట పలికినవాడు పైవానికి ఎదురుచెప్పెననియు మేమనము. అప్పటికే వేళ మించిపోయినది. కాని మంగళూరు చెప్పిన పాఠము, అనగా చిన్నవాడు చెప్పినను వినుట, అనుమానము పొడమినంతనే పైకి లేచిపోవుట, కోళిక్కోడు నాటికి ఏల అలవాటు కాలేదు? పాఠము వ్రాసినవారున్నారు, అచ్చువేసినవారున్నారు. అమలైనదా యని సంవత్సరమునకొకమారు పార్లమెంటునకు లెక్కయప్పగింపవలసినవాడు లేడు. అదియే కొరత.

ఇచట మా సీమ చరిత్రనుండి ఒక సంగతి. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు వల్లకాడులైనవి. ధాన్యము రైళ్లలో ఎగుమతియగుచుండగా జనము మాడిచచ్చిరి. ఆ పాపము తెల్లదొరతనమును ఏనాటికిని విడువదు. ఐనను ఆ దొరతనమే కరువు కమిషనును వేసినది, 1880లో నివేదిక తెప్పించుకొన్నది, 1883లో దానిపై కరువు నిబంధనావళిని నిర్మించినది. ఏ గుర్తు కనబడినప్పుడు ఏ అధికారి ఏమి చేయవలెనో, ఎన్నడు పనులు తెరువవలెనో అందులో వ్రాయబడినది. అది చాలలేదు, పిసినారితనముతో అమలుపరచిరి, అన్నియు నిజమే. కాని విచారణ చివర పని చేయవలసిన ఒక అధికారి పేరుండవలెనను మాత్రము గ్రహింపు పరాయి దొరలకుండెను. మన స్వరాజ్యప్రభుత్వము విమానప్రమాద నివేదికల చివర సలహాలను వరుసగా అచ్చొత్తించి, అవి పాటించితిమని తానే చెప్పుకొనుచున్నది. సలహా పాటింపనివానికి కలుగునది ఏమి? ఏమియు లేదు.

పాటింపజేయుటకు మనుష్యులు కావలెను గదా. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము చెప్పిన లెక్క యిది: డైరెక్టరేటునకు మంజూరైన ఉద్యోగములు 1,063; అందు నిండినవి 553. సగమునకు సమీపముగా కుర్చీలు ఖాళీ. విమానముల సంఖ్య ఏటేట పెరుగుచున్నది, క్రొత్త విమానాశ్రయములకు కొబ్బరికాయలు కొట్టుచున్నారు, తనిఖీ చేయువాడు మాత్రము లేడు. పొలమునకు కంచె వేయకుండ పంట పెంచెదమను రైతును మా సీమలో వెర్రివాడందురు.

2025 జూన్ 12న అహమ్మదాబాదులో బోయింగు విమానము లేచిన కొన్ని సెకండ్లలోనే వైద్యవిద్యార్థుల వసతిగృహముపై కూలినది. విమానములోని 241 మందియు, నేలమీది 19 మందియు మరణించిరి. నెలదినములకు ప్రాథమిక నివేదిక వచ్చినది. ఇంధనపు స్విచ్చులు రెండును ఒకదానివెంట నొకటి ఆగిపోవు స్థితికి మారెననియు, ఏల ఆపితివని ఒక చోదకుడు రెండవవానిని అడిగెననియు, తానాపలేదని అతడు బదులుచెప్పెననియు అందు వ్రాసిరి. ఎవరు అడిగిరో, ఎవరు బదులుచెప్పిరో వ్రాయలేదు. సంభాషణలోని ఒక తునకను పరోక్షముగా వెలికిదీసి మిగిలినది మూటగట్టిరి. ఫలితమేమి? ప్రపంచ పత్రికలు చనిపోయిన చోదకులపై నేరమారోపింప మొదలిడినవి. చచ్చినవాని కండ్లు చారెడను సామెత విమానచోదకుల యెడ తలక్రిందులైనది. చచ్చినవానికి కండ్లే లేవనుచున్నారు. చనిపోయినవాడు కోర్టులో వకాలతు ఇచ్చుకొనలేడు. చోదకులగదిలోని ధ్వనిముద్రణను బజారులో వినిపింపరాదను అంతర్జాతీయ నియమమును మేము గౌరవింతుము. విచారణ శిక్షించుటకు గాదు, నివారించుటకే యను సూత్రమును శిరసావహింతుము. కావుననే అనుచున్నాము: చెప్పినచో అర్థమగునంత చెప్పవలెను, లేనిచో ఆగవలెను. సగము చెప్పుట అన్నిటికంటె చెడ్డది.

ఆ శాఖకు మంత్రిగా ఆనాడున్నవారు మన తెలుగువారు, శ్రీకాకుళపు యువకులు శ్రీ కింజరాపు రామమోహననాయుడు గారు. విపత్స్థలమునకు వెంటనే పరుగెత్తిరి. వారి శ్రద్ధను కాదనము. కాని విమానముల రాకపోకలను పెంచవలసినదియు మంత్రియే, సంస్థల యోగక్షేమములు చూడవలసినదియు మంత్రియే, ప్రమాదమైనప్పుడు విచారించు బ్యూరోకు పెద్దదిక్కును ఆ మంత్రియే యైనచో, ఎంతటి సజ్జనుడైనను మూడు గుర్రములపై ఒకేమారు స్వారి చేయజాలడు. ఇది వ్యక్తిదోషము గాదు, కట్టడము యొక్క దోషము.

విమానమెక్కువాడు ధనవంతుడు, మనకేల యని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. ఆ రోజులు గడచినవి. కడపలో 2015 జూన్‌లోను, ఓర్వకల్లులో 2021 మార్చిలోను విమానములు దిగుట మొదలైనది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయమునుండి ఆ వీరుని ఊరి రైతుబిడ్డ పని వెదకుకొనుచు ఎగిరిపోవుట నేడు వింత కాదు. ఎన్నికలు వచ్చిననో, మా జూనియర్ కాలేజీ మైదానములలో నీళ్లు చల్లించి, సున్నముతో వలయము గీయించి, గంటకొక హెలికాప్టరును దింపుచున్నారు. చుట్టును విద్యుత్తు తీగలు, గోడలెక్కిన పిల్లలు. నాయకునికి తరువాతి సభ ఆలస్యమగుచున్నదని అనుచరులు తొందరపెట్టుచుందురు. మబ్బు చూచి వెనుదిరుగుదమని చెప్పగల ధైర్యము చోదకునకు మిగిలియుండునా? 2002 మార్చి 3న లోక్‌సభాధ్యక్షులు శ్రీ బాలయోగి గారిని కైకలూరు వద్ద పోగొట్టుకొంటిమి, ఏడేండ్లకు పావురాలగుట్ట. అంతటివారికే రక్షణ లేనప్పుడు సామాన్యుని మాటయేమి? 2025 మే 8న ఉత్తరకాశి వద్ద యాత్రికుల హెలికాప్టరు దారిప్రక్కన వ్రేలాడు తీగకు తగిలి పడి ఆరుగురు మరణించినప్పుడు, వారిలో మన ఆంధ్రదేశపు ఆడపడుచు కూడ ఉన్నది. దేవుని చూడబోయిన యాత్రికురాలికిని, ప్రజలను చూడబోయిన ముఖ్యమంత్రికిని ఆకాశములో చట్టమొక్కటే కావలెను.

అపాయసూచక యంత్రముల విషయమొకటి విడువరాదు. 2009 ఫిబ్రవరి 1 నుండి అంతర్జాతీయ ఉపగ్రహవ్యవస్థ 121.5 మెగాహెర్ట్జుల పాత పిలుపును ఆలకించుట మానినది. 406 మెగాహెర్ట్జుల క్రొత్త పిలుపునే ఆలకించును. యంత్రము అమర్చితిమని పుస్తకములో టిక్కు పెట్టినంతమాత్రాన రక్షణ కలుగదు. ఆ పిలుపును వినువాడు ఉండవలెను, వినిన నిమిషమునుండి ఏ జిల్లా కలెక్టరు ఎవరిని కదల్పవలెనో ముందే నిర్ణయమై యుండవలెను. నల్లమల, ఎర్రమల, శేషాచలము, పాలకొండలు మన రెండు జిల్లాల ఆకాశమార్గములకు కాపురమున్నవి. ఈ కొండలలో ఒక యంత్రము కూలినచో చేరవలసిన త్రోవ నెరిగినవారు ఉపగ్రహములు కావు, చెంచులును అటవీ కావలివాండ్రును. మొట్టమొదటి గంటలోనే వారికి కబురందు ఏర్పాటు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల కలెక్టరు కచేరీలలో ఉండవలెను.

మేము కోరునది గొంతెమ్మకోరిక కాదు. విచారణ బ్యూరోను మంత్రిత్వశాఖనుండి తొలగించి, దాని అధిపతి నియామకము, జీతభత్యములు, తొలగింపు పార్లమెంటు చేతిలో నుండునట్లు 2024 శాసనమును సవరింపవలెను. ప్రతి నివేదికలోని సలహాలలో ఏవి అమలైనవో, ఏవి కాలేదో, కానివి ఎవరి వలన కాలేదో ఏటేట ఉభయసభలయెదుట బ్యూరోయే పెట్టవలెను గాని, సలహా పొందినవాడు పెట్టరాదు. డైరెక్టరేటు ఖాళీలను గడువు పెట్టి నింపవలెను. మన మూడు నియోజకవర్గముల లోక్‌సభ సభ్యులు ఏ కక్షకు చెందినవారైనను ఈ విషయమున ఒక్కటిగా సవరణబిల్లు నొకటి ప్రతిపాదించుట వారికి అసాధ్యము కాదు; సభ్యుడెవడైనను బిల్లు తేవచ్చును, సభానియమములు అడ్డురావు. కర్నూలు, కడప న్యాయవాదుల సంఘములు ముసాయిదా వ్రాసి యిచ్చుటకు పూనుకొనవలెను. ఆ పనిలో పాలుపంచుకొనుటకు మేము సిద్ధముగా నున్నాము.

అంతవరకు ఒక చిన్నపని జరుగవచ్చును. పావురాలగుట్ట ప్రమాదముపై విచారణసంఘమిచ్చిన నివేదికను తెలుగు చేయించి, కర్నూలు, నంద్యాల, కడప, పులివెందుల, ఆత్మకూరు గ్రంథాలయముల పఠనమందిరములలో బల్లమీద నుంచవలెనని రాష్ట్రప్రభుత్వమును కోరుచున్నాము. వచ్చు సెప్టెంబరు 2వ తేదీకి ముందుగనే అది అచట చేరవలెను. ఏ పఠనమందిరమువారైనను ఈ కోరికపై సంతకములు సేకరించి పంపినచో, వానిని జతపరచి ముఖ్యకార్యదర్శి గారికి మేమే పంపుదుము.